మందుపొట్లము – మాటనిలుకడ

వస్తువును తయారుచేయుట యొక యెత్తు. తయారైన వస్తువును చెడకుండ, తగ్గకుండ, తాఱుమాఱు గాకుండ కొనువాని చేతికి జేర్చుట మఱియొక యెత్తు. మన పారిశ్రామికాభివృద్ధినిగూర్చి ప్రసంగించువారు మొదటిదానినే గొప్పగా జెప్పుదురు. కొత్త యంత్రములు, పెట్టుబడులు, ఎగుమతుల మొత్తములు వర్ణింపబడును. కర్మాగారముయొక్క కట్టకడపట, గిడ్డంగికి ఇవతల, పొట్లములు కట్టుచోట నేమి జరుగుచున్నదో విచారించువారు అరుదు. అయినను దేశముయొక్క మాట నిలుచుటయు, పోవుటయు పెక్కు సందర్భములలో ఆచోటనే నిర్ణయింపబడుచున్నది.

రైతునకు ఈ విషయమును విస్తరించి చెప్పనక్కఱలేదు. సీలువేసిన విత్తనపు సంచిని కొనునపుడు అతడు గింజను మొలిపించి చూచి కొనుట లేదు. సంచిపైనున్న చీటీని నమ్మి కొనుచున్నాడు. చీటీ యొకటియు, గింజ యొకటియు నైనచో ఆ సంగతి బయటపడునప్పటికి అదను దాటిపోవును. మందు కొనువాని స్థితి ఇంతకన్నను దీనమైనది. తెల్లని బిళ్ళను చేతబట్టుకొని అందేమున్నదో, ఎంతయున్నదో వైద్యుడైనను చెప్పజాలడు. రోగి మ్రింగునది బిళ్ళయే యైనను, నమ్మునది పొట్లముమీది అక్షరములను. రక్తపుపోటు మందుపెట్టెలో చక్కెరవ్యాధి మందు చేరినను, అయిదు మిల్లీగ్రాముల బిళ్ళకు మాఱుగా పది మిల్లీగ్రాముల బిళ్ళ చేరినను, ఆ పొరపాటును కనిపెట్టుటకు రోగికి సాధనము లేదు. ఫలితమును మాత్రము అతడే యనుభవించును.

ఔషధపరిశ్రమ తెలుగువారికి దూరపు విషయము కాదు. 1961లో ఏర్పడిన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ అను ప్రభుత్వసంస్థ హైదరాబాదున కర్మాగారమును నెలకొల్పెను. అందు పనిచేసి అనుభవము గడించినవారిలో నొకరైన కల్లం అంజిరెడ్డిగారు 1984లో తమ సంస్థను స్థాపించిరి. నేడు జీడిమెట్ల, బొల్లారము, పాశమైలారము, జడ్చర్ల, విశాఖ సమీపమున పరవాడ మొదలగు ప్రాంతములు ఔషధనిర్మాణమునకు ప్రసిద్ధికెక్కినవి. గ్రామములనుండి వచ్చిన యువతీయువకులు పెక్కురు ఈ కర్మాగారములలో పనిచేయుచున్నారు. కావున ప్యాకింగు వరుసలలోని కట్టుబాటునుగూర్చి తెలిసికొనుట మన పాఠకులకు అవసరమని తలంచుచున్నాము.

బిళ్ళలను పొట్లముగట్టు వరుస యొకదానిని పరిశీలింతము. ప్లాస్టికు రేకునందుగాని, అల్యూమినియము రేకునందుగాని యంత్రము మొదట చిన్నచిన్న గుంటలను ఏర్పఱచును. ఆ గుంటలలో బిళ్ళలు పడును. పైనుండి మఱియొక పలుచని రేకు వచ్చి కప్పుకొనగా, వేడిమియు ఒత్తిడియు రెంటిని అతికించును. బ్యాచి సంఖ్య, తయారీతేది, గడువుతేది ముద్రింపబడును. పిమ్మట స్ట్రిప్పులుగా కత్తిరింపబడి, మడతపెట్టిన వివరపత్రముతో గూడ అట్టపెట్టెలోనికి నెట్టబడును. పెట్టె తూకమునకు నిలుచును. కెమెరా దానిపై ముద్రను చదువును. తుదకు పెద్దపెట్టెలకెక్కి గిడ్డంగికి పోవును. ఇదంతయు నిమిషమునకు వందలకొలది స్ట్రిప్పుల వేగముతో సాగుచుండును.

ఇందు ప్రతిమెట్టునను దోషమునకు అవకాశము గలదు. ఒక గుంటలో బిళ్ళ పడకపోవచ్చును, పడినది విఱిగియుండవచ్చును. అతుకు చాలక తేమ లోనికి జొఱవచ్చును. సంఖ్య చెఱిగిపోవచ్చును. వివరపత్రము లేకపోవచ్చును. అన్నిటికన్న భయంకరమైనది, క్రిందటి బ్యాచివారి స్ట్రిప్పొకటి యంత్రపు మూలలో దాగియుండి, నేటి మందుపెట్టెలో చేరుట. పైన పటారము లోన లొటారము అను సామెత పరిహాసమునకు పుట్టినదేగాని, ఔషధవిషయమున అది ప్రాణాపాయము.

ఈ దోషములను నివారించుటకు పూర్వమునుండి వచ్చుచున్న పద్ధతి యొకటి కలదు. వరుస చివర కొందఱిని కూర్చుండబెట్టి, చెడ్డవానిని ఏఱి పాఱవేయించుట. ఇది చూపునకు చక్కగ కన్పట్టును. కాని మనుష్యుని కన్ను గంటలకొలది ఒకేవిధమైన వస్తువులను చూచుచు జాగరూకమై యుండజాలదు. చెడ్డది చిక్కినను, అది ఏల చెడ్డదయ్యెనో ఏఱినవానికి తెలియదు, తెలిసినను, చెప్పించుకొనువారుండరు. ఈలోపల అదేదోషము గల వేలకొలది స్ట్రిప్పులు వెనుక తయారగుచునే యుండును. పొలమునకు నీరెక్కడ గండిపడి పోవుచున్నదో చూడక, దిగువను నిలిచి చేతులతో నీరు తోడువాని శ్రమవంటిది ఈ శ్రమ.

1924వ సంవత్సరమున ఒకరినొకరెఱుగని యిద్దఱు దీనికి పరిష్కారమార్గమును చూపిరి. జపానుదేశమున సాకిచి టొయోడా అను మగ్గముల నిర్మాత ఆ సంవత్సరమున ఒక స్వయంచాలక మగ్గమును పూర్తిచేసెను. అందు దారము తెగినంతనే మగ్గము తనంతట నిలిచిపోవును. దోషముగల గుడ్డ నేయబడదు. ఒక్క పనివాడే అనేక మగ్గములను చూడగలడు. 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్సు అను ప్రసిద్ధ యంత్రనిర్మాతలే ఆ మగ్గపు హక్కులను జపానువారియొద్ద కొనిరి. యంత్రవిద్యను ప్రపంచమునకు నేర్పితిమని గర్వించిన దేశము ఆసియాఖండవాసియొద్ద పాఠము నేర్చుకొనుటకు కారణము వేగము గాదు. తప్పు దొరలినప్పుడు ఆగుటయను గుణము.

అదే సంవత్సరమున అమెరికాలో టెలిఫోను పరికరములు చేయు సంస్థయందలి వాల్టర్ షూహార్ట్ అను శాస్త్రజ్ఞుడు ఒక పటమును గీచి పై యధికారులకు పంపెను. ఏ పనియందైనను కొంత హెచ్చుతగ్గు స్వాభావికముగ నుండును. దానికి కలవరపడి యంత్రమును మాటిమాటికి సవరించుట హానికరము. ఆ స్వాభావికపు హద్దులను దాటినపుడు మాత్రము ప్రత్యేకకారణ మేదో యున్నదని గ్రహించి వెదుకవలెను. ఈ రెంటిని వేఱుచేసి చూపునదే ఆయన పటము. షూహార్టుగారు 1947-48 సంవత్సరములలో మనదేశమునకు వచ్చి, మహలనోబిస్ పండితుడు 1931లో కలకత్తాలో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటు ఆహ్వానమున ఈ విద్యను ప్రచారము చేసిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము నభ్యసించి, 2023లో దివంగతులైన సి. ఆర్. రావుగారు దశాబ్దములపాటు ఆ సంస్థకే అలంకారమై యుండిరి. కనుక ఈ శాస్త్రము మనకు పరాయిది కాదు. దానిని కర్మాగారపు నేలమీదికి దింపుటయే మిగిలియున్న పని.

దింపుట కష్టమును గాదు. అతుకువేయు పలకయొక్క వేడిమిని గంటగంటకు వ్రాసి పటమున చుక్కలు పెట్టినచో, వేడిమి క్రమక్రమముగ దిగజాఱుచున్నసంగతి, ఒక్క స్ట్రిప్పైనను చెడకముందే తెలియును. కొన్ని స్ట్రిప్పులను రంగునీటిలో ముంచి గాలిని తీసివేసి మరల విడుచుదురు. లోనికి రంగు దిగినచో అతుకు చాలలేదని యర్థము. ఈ పరీక్షాఫలమును పటముప్రక్కనే వ్రాసినచో కారణమును, కార్యమును ఒకేచోట కన్పట్టును. పిమ్మట చివర కూర్చుండి ఏఱువారి పని తనంతట తగ్గును.

ఇక సామర్థ్యమునుగూర్చి. యజమానులు తఱచుగా సామర్థ్యమనగా యంత్రపు వేగమని భావింతురు. జపాను ఇంజనీరు సెయిచి నకజిమా ప్రచారము చేసిన లెక్క ఈ భ్రమను తొలగించును. ఉదాహరణము కొఱకు ఒక వరుసను ఊహింతము. పాళీ 480 నిమిషములు. యంత్రశక్తి నిమిషమునకు 300 స్ట్రిప్పులు. పాళీయంతయు నిర్దోషముగ నడచినచో 1,44,000 స్ట్రిప్పులు రావలెను. కాని మందు మార్పునకు, చిల్లర ఆటంకములకు 120 నిమిషములు పోయినవి. నడచిన కాలమున నిమిషమునకు 240 మాత్రమే వచ్చినవి. వచ్చిన 86,400లో నూటికి మూడు చెడినవి. చేతికందిన మంచివి 83,808. అనగా నూటికి 58 పాళ్లు. నష్టపడినదానిని విభజించి చూడుడు. చెత్తబుట్టలో కంటికి కనబడు చెడ్డస్ట్రిప్పులు 2,592 మాత్రమే. వేగము తగ్గుటవలన పోయినవి 21,600. యంత్రము ఆగియుండుటవలన పోయినవి 36,000. ఇట్టిచోట బుట్టను చూచి పనివారిని దండించు యజమాని, తన సంపద యెచ్చట పోవుచున్నదో ఎఱుగనివాడే.

ఈ లెక్క చూచినంతనే రెండు దురాశలు పుట్టుట కవకాశము గలదు. మొదటిది యంత్రపు వేగమును పెంచుట. వేగము పెరిగినకొలది అతుకుపలక రేకును అంటియుండు కాలము తగ్గును. తత్ఫలితముగ అతుకు బలహీనమగును. లెక్కలో లాభమును చూపి, వర్షాకాలమున రోగియింట తేమబట్టిన బిళ్ళగా ఆ నష్టము తేలును. రెండవ దురాశ ఇంతకన్న ప్రమాదకరము. ఒక మందునుండి మఱియొక మందునకు మాఱు సమయమే పెద్ద నష్టముగ కన్పట్టుచున్నది గనుక ఆ సమయమును ఎట్లైన కుదింపవలెనని తొందరించుట. ఆ సమయముననే లైను క్లియరెన్సు అను శుద్ధికార్యము జరుగవలసియున్నది. పాతమందు బిళ్ళలు, స్ట్రిప్పులు, అట్టపెట్టెలు, వివరపత్రములు ఒక్కటియు మిగులకుండ తొలగించి, యంత్రపు సందుగొందులను పరిశీలించి, ఒకరు చేసినదానిని వేఱొకరు చూచి సంతకము పెట్టవలెను. దీనిని కుదించినవాడు నిమిషములను గడించి, మందుల తాఱుమాఱునకు తలుపు తెఱచినవాడగును.

అట్లయిన మార్పుకాలము తగ్గింపరానిదా? తగ్గింపదగినదే; కాని దేనిని తగ్గింపవలెనో వివేకముండవలెను. 1969 ప్రాంతమున జపానునందలి టొయోటా కర్మాగారమున షిగెయో షింగో అను నిపుణుడు వేయిటన్నుల అచ్చుయంత్రపు మార్పునకు పట్టుచుండిన నాలుగుగంటలను మొదట తొంబదినిమిషములకు, పిమ్మట మూడు నిమిషములకు తగ్గించెను. యంత్రము నడచుచుండగనే చేయదగిన పనులను ముందుగ చేసియుంచి, ఆగినపుడే చేయవలసినవానిని మాత్రమే ఆగినపుడు చేయుట ఆయన మార్గము. మన వరుసలకును ఇదియే తగును. మాఱవలసిన అచ్చుపలకలు శుభ్రమై, వరుసగా బండిమీద సిద్ధముగ నుండవలెను. మరలు బిగించు కొలతలు గుర్తులు వేసియుండవలెను. రేకుచుట్టలు ముందే పరీక్షింపబడవలెను. పనిముట్టును వెదకుటకు పట్టు కాలమును తగ్గింపుడు. పాతస్ట్రిప్పును వెదకుటకు పట్టు కాలమును ముట్టకుడు. సామర్థ్యమునకును, లోభమునకును గల భేద మిచ్చటనే యున్నది.

ముద్రించిన అట్టపెట్టెలను కరెన్సీ నోట్లవలె లెక్కింపవలెను. బ్యాచికి 10,000 పెట్టెలు ఇచ్చితిమి, 9,940 వాడబడినవి, 50 చెడిపోగా చింపివేయబడినవి. మిగిలిన పది యేవి? ఈ ప్రశ్నకు సమాధానము దొరకనిది ఆ బ్యాచిని బయటికి పంపరాదు. పది అట్టపెట్టెల వెల స్వల్పమే. కాని అవి వేఱొక మందునకు వేషమగునేని దాని వెల ఎవరు కట్టగలరు?

ఇప్పుడు కెమెరాలు, తూకపు యంత్రములు కావలికాండ్రై నిలుచుచున్నవి. మంచిదే. కాని కావలివానికిని కావలి వలయును. పాళీ ప్రారంభమున తెలిసితెలిసి కొన్ని చెడ్డపెట్టెలను వరుసలోనికి పంపి, యంత్రము వానిని త్రోసివేయుచున్నదా లేదా యని చూచుట ఉత్తమాచారము. కెమెరా మఱీ సున్నితమై మంచివానిని సైతము త్రోయుచున్నచో, విసుగుచెందిన పనివారు దాని కన్ను మసకబార్చుదురు. లేక త్రోసినవానిని చేతితో తీసి మరల వరుసలో పెట్టుదురు. ఈ రెండవపని సర్వథా నిషిద్ధము కావలెను. త్రోయబడిన పెట్టె తాళమువేసిన డబ్బాలో పడవలెను, లెక్కకు రావలెను.

ఇంతకును యంత్రము నాపగలవాడు మనుష్యుడే. టొయోడా మగ్గమునకు గల స్వాతంత్ర్యము మన పనివానికి కలదా యని యజమానులు ఆలోచింపవలెను. దోషమును చూచి మీట నొక్కినవానిని మేస్త్రి గద్దించునేని, మఱునాడు ఎవడును మీట నొక్కడు. పాళీకి ఎన్ని పెట్టెలెక్కినవను లెక్కమీదనే మెప్పును, మందలింపును ఆధారపడినచో తప్పు దాచబడును. తాత్కాలికపు కూలికై వచ్చి, నెలనెలకు మాఱిపోవువారికి యంత్రపు గుణదోషములు తెలియవు. చేయవలసిన విధులు ఆంగ్లముననే వ్రాయబడి గోడకు వ్రేలాడుచున్నచో, తెలుగు మాత్రమే చదువనేర్చిన పనివానికవి అలంకారములే. అతనికి తెలిసిన భాషలో, బొమ్మలతో, వాడుకమాటలతో విధులు వ్రాయించుట ఖర్చులేని సంస్కరణము. అంతకన్న లాభకరమైనది మఱియొకటి మాకు తోచుట లేదు.

చట్టములవిషయ మిక విచారింతము. అమెరికాలో 2013 శాసనమును, ఐరోపా సంఘమున 2019 ఫిబ్రవరి 9నుండి అమలైన నియమములును, వైద్యుని చీటీపై అమ్ము మందుపెట్టెలకు ఒక్కొక్కదానికి విడివిడిగా వరుససంఖ్య నుండవలెనని విధించినవి. మనదేశమున 2023 ఆగష్టు 1నుండి 300 ప్రసిద్ధమైన మందుల పేళ్లకు బారు కోడుగాని, క్యూఆర్ కోడుగాని ఉండవలెనను నియమము అమలులోనికి వచ్చినది. మందు పేరు, తయారీదారుని చిరునామా, బ్యాచి సంఖ్య, తేదులు, లైసెన్సు సంఖ్య మొదలగు ఎనిమిది వివరము లందుండవలెను. ఒక్కొక్క పెట్టెకును ప్రత్యేకమైన వరుససంఖ్య వానిలో పేర్కొనబడలేదు. 2023 డిసెంబరున మందుల తయారీవిధులకు సంబంధించిన షెడ్యూల్ ఎం సైతము సవరింపబడి ప్రకటింపబడెను. ఇవి స్వాగతింపదగిన అడుగులు. అయినను ఎగుమతియగు పెట్టె కొకవిధమైన కట్టుబాటును, మన పల్లెలోని మందులదుకాణమునకు జేరు పెట్టెకు వేఱొక కట్టుబాటును ఉండుట స్వాభిమానముగల జాతికి తగినది కాదు. పరదేశపు తనిఖీదారునికి వెఱచి చేయు శుద్ధిని స్వదేశపు రోగిమీది గౌరవముతో ఏల చేయరాదు?

చిన్నతయారీదారుల మొఱ నిరాధారము కాదు. కెమెరాలు, సంఖ్యలు ముద్రించు యంత్రములు వారికి భారమే. అట్టివారికి ఋణసౌకర్యమును, శిక్షణమును ప్రభుత్వములు కల్పింపవలెను. 1966లో స్థాపింపబడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ వంటి సంస్థలు ఇట్టి శిక్షణమునకు అక్కఱకు వచ్చును. కాని షూహార్టు పటమునకు కావలసినది కాగితమును, పెన్సిలును. లైను శుద్ధికి కావలసినది దీపమును, తాళపుచెవియును, రెండు సంతకములును. వీనిని చేయనివారు పేదఱికమును సాకుగా చెప్పుట చెల్లదు.

పొట్లము సర్వస్వమని మా యభిప్రాయము కాదు. 2022 అక్టోబరున గాంబియాదేశపు పిల్లల మరణముల సందర్భమున, మనదేశమున తయారైన నాలుగు పిల్లలమందులనుగూర్చి ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరిక చేసెను. అది సీసాలోనున్న ద్రవముయొక్క కల్మషమునకు సంబంధించినది. ఎంతచక్కని ముద్రయైనను దానిని మాన్పజాలదు. కాని అట్టి అపఖ్యాతి వచ్చినపుడు, ఏ బ్యాచి యెక్కడికి పోయినదో గంటలలో కనుగొని వెనుకకు దెప్పించుటకు మాత్రము పొట్లముమీది నిజమైన సంఖ్యయే శరణ్యము. 1982లో అమెరికాలోని చికాగో ప్రాంతమున టైలెనాల్ అను నొప్పిమందు క్యాప్సూళ్లలో ఎవరో సైనైడు కలుపగా ఏడుగురు మరణించిరి. తప్పు కర్మాగారముది కాకపోయినను, కంపెనీవారు సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనుకకు రప్పించిరి. తెఱచిన జాడ తెలియునట్టి సీళ్లు ఉండవలెనని ఆ సంవత్సరముననే అక్కడి ప్రభుత్వము విధించెను. ప్రజలవిశ్వాసము పోయినపిమ్మట దానిని మరల సంపాదించుట కెంత వ్యయమగునో ఈ యుదాహరణము తెలుపుచున్నది.

కొనువారికిని కర్తవ్యము కలదు. దుకాణదారులు స్ట్రిప్పును చిల్లరగా కత్తిరించి ఇచ్చునపుడు, బ్యాచి సంఖ్యయు, గడువుతేదియు ఒక ముక్కలో పోయి, రోగిచేతికి పేరులేని బిళ్ళలు మిగులుట మనమందఱమును చూచుచున్నదే. వరుసపై ఇందఱు పడిన శ్రమ ఒక్క కత్తెరవేటుతో వ్యర్థమగుచున్నది. సంఖ్యయు, తేదియు ఉన్న ముక్కనే అడుగుడు, సీలు చూడుడు, రసీదు పుచ్చుకొనుడు, కోడున్నచో ఫోనుతో చదివి పెట్టెమీది యక్షరములతో సరిపోల్చుడు. అడుగువారున్నచోట అశ్రద్ధ తగ్గును.

యజమానులకు మేము చేయు విజ్ఞప్తి యొక్కటియే. రేపు ఉదయము మీ కార్యాలయపు గదిలో గాక, ప్యాకింగు వరుసయొద్ద ఒక పాళీసేపు నిలిచి చూడుడు. యంత్రము ఎన్నిసార్లు ఆగినదో, ఏల ఆగినదో, ఆపినవానితో మేస్త్రి ఏమనెనో మీరే వ్రాసికొనుడు. ఆ కాగితమే మీ సంస్కరణమునకు మొదటి పుట యగును.